గడప దాటని రాజు: ఎన్నికల వేళ బ్రిటన్‌లో పంతొమ్మిది రోజులు

జూన్ 29, శనివారం

డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధించిన ముప్పై ఒక్క ఏళ్ళలో, ప్రతి ఏడాదీ ఒక రోజు నల్లబల్ల మీద 'బ్రిటిష్ రాజ్యాంగం అలిఖితం' అని రాసి, దాని కింద గీత గీసి, పాఠం మొదలుపెట్టేవాణ్ణి. అలిఖితం అంటే ఎక్కడుంటుంది మాస్టారూ అని ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు అప్పట్లో పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను కానీ, ఆ జవాబు నాకే తృప్తిగా లేదు. పదవీ విరమణ తరువాత, 2024 వేసవిలో, రెడింగ్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎర్లీలో స్థిరపడిన మా తమ్ముడి ఇంటికి వెళ్ళే అవకాశం వచ్చింది. టికెట్టు కొన్ననాటికి అక్కడ ఎన్నికల ఊసు లేదు. మే 22న ప్రధాని రిషి సునాక్ తన అధికార నివాసం ముందు వర్షంలో తడుస్తూ జూలై 4న ఎన్నికలు జరుగుతాయని ప్రకటించడంతో, నా ప్రయాణానికి నేను కోరుకోకుండానే గొప్ప సందర్భం కలిసివచ్చింది. సభకు నిర్ణీత కాలపరిమితి పెడుతూ 2011లో చేసిన చట్టాన్ని 2022లో రద్దు చేశారు కనుక, ఐదేళ్ళ లోపు తనకు అనువైన రోజున సభను రద్దు చేయమని రాజును కోరే పాత వెసులుబాటు ప్రధానికి మళ్ళీ దక్కింది.

ఎర్లీ స్టేషనులో ఎక్కిన రైలు గంటకు పైగా నడిచి వాటర్లూలో దింపింది. అక్కడి నుంచి నడిచి వెస్ట్‌మినిస్టర్ వంతెన మీదికి వచ్చేసరికి థేమ్స్ ఒడ్డున పార్లమెంటు భవనం ఒక్కసారిగా కనబడింది. చూడగానే మధ్యయుగాల కట్టడమనిపిస్తుంది కానీ ఇందులో అధికభాగం 1834 తరువాత కట్టినదే. ఆ ఏడాది అక్టోబరు 16న, ఖజానా లెక్కల కోసం గాట్లు పెట్టి దాచిన పాత కర్రముక్కలను ఎగువ సభ అయిన ప్రభువుల సభ కింద ఉన్న పొయ్యిలలో వేసి తగలబెడుతుండగా మంటలు పైకి పాకి పాత భవనాలు దాదాపుగా కాలిపోయాయి. చార్లెస్ బారీ, అగస్టస్ పూజిన్ కలిసి రూపకల్పన చేసిన కొత్త భవనం ఆ బూడిద మీద లేచింది. ఆ అగ్నిప్రమాదంలో మిగిలిన ముఖ్యమైనది వెస్ట్‌మినిస్టర్ హాలు. శనివారాల్లో సందర్శకులకు భవనం చూపిస్తారు కనుక మా యాత్ర కూడా ఆ హాలు నుంచే మొదలైంది.

1097లో కట్టిన ఆ హాలు పొడవు 240 అడుగులు. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా అంత వెడల్పున పరచుకున్న దూలాల కప్పును పద్నాలుగో శతాబ్దం చివర రెండో రిచర్డ్ రాజు వేయించాడు. రాతి నేలలో అక్కడక్కడ ఇత్తడి పలకలు బిగించి ఉన్నాయి. వాటిలో ఒకటి, 1649 జనవరిలో మొదటి చార్లెస్ రాజును విచారించి మరణశిక్ష విధించిన సంగతి చెబుతుంది. ఆ పలక పక్కన నిలబడితే పాఠ్యపుస్తకంలోని 'రాజరికంపై పార్లమెంటు విజయం' అనే శీర్షికకు మొదటిసారి బరువు తెలిసింది. మన దేశంతో ముడిపడిన విచారణ కూడా ఇక్కడే జరిగింది. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారన్ హేస్టింగ్స్‌పై, ప్రజలు ఎన్నుకునే దిగువ సభ అయిన కామన్స్ సభ అభిశంసన తెస్తే, 1788 నుంచి 1795 వరకు ప్రభువుల సభ ఇక్కడ ఆ విచారణ సాగించి, చివరకు ఆయన నిర్దోషి అని తేల్చింది. తీర్పు మాట ఎలా ఉన్నా, సముద్రాల అవతల పాలన చేసిన అధికారి ఇక్కడి సభకు జవాబు చెప్పుకోవాలన్న సూత్రం మాత్రం ఈ నేల మీదే పరీక్షకు నిలబడింది.

హాలు దాటి మెట్లెక్కితే సెయింట్ స్టీఫెన్స్ హాలు వస్తుంది. 1547 నుంచి అగ్నిప్రమాదం దాకా కామన్స్ సభ సమావేశమైన ప్రార్థనామందిరం ఈ చోటనే ఉండేది. గాయకబృందాలు ఎదురెదురుగా కూర్చునే బల్లల మీదే సభ్యులు కూర్చునేవారు. నేటికీ బ్రిటిష్ సభ అర్ధచంద్రాకారంలో కాక రెండు వరుసలు ముఖాముఖిగా ఉండడానికి మూలం ఆ బల్లల అమరికే. అధికారపక్షం, ప్రతిపక్షం అని మనం విడదీసి పలికే మాటల్లో ఒక ప్రార్థనామందిరపు సామాను దాగి ఉందని తెలిసినప్పుడు, ఇన్నేళ్ళు ఆ సంగతి పిల్లలకు చెప్పలేకపోయానే అనిపించింది. అదే హాలులో ఫాక్‌లండ్ ప్రభువు శిల్పం ఉంది. 1909లో ఓటు హక్కు కోరిన ఒక మహిళ ఈ విగ్రహానికి తనను తాను గొలుసుతో కట్టేసుకున్నప్పుడు, ఆమెను విడిపించే ప్రయత్నంలో విగ్రహం పాదానికి ఉన్న, గుర్రాన్ని అదిలించే ముల్లు విరిగింది. దాన్ని తిరిగి అతికించకుండా అలాగే ఉంచారు. నేను వంగి ఆ విరిగిన అంచును చాలాసేపు చూశాను. ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలలో కొందరికి ఓటు రావడానికి 1918 దాకా, పురుషులతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక కామన్స్ సభ. నేను ఊహించిన దానికన్నా ఎంతో చిన్నది. 1941 మే నెలలో జర్మన్ బాంబులకు ఈ మందిరం పూర్తిగా ధ్వంసమైంది. పెద్దదిగా కట్టమని ఎందరు కోరినా, పాత కొలతల్లోనే కట్టాలని చర్చిల్ పట్టుబట్టారు. సభ్యులు 650 మంది, కూర్చునే చోటు 427 మందికే. ముఖ్యమైన రోజున సభ కిక్కిరిసి ఉండాలనీ, మామూలు రోజున బోసిపోకూడదనీ ఆయన వాదన. అలా 1950లో తెరిచిన ఈ కొత్త మందిరానికి ఒకనాటి వలసదేశాలు కానుకలు పంపాయి: స్పీకర్ కుర్చీ ఆస్ట్రేలియాది, మధ్యనున్న బల్ల కెనడాది, నాయకులు చేతులానించి మాట్లాడే పెట్టెలు న్యూజిలాండ్‌వి. ప్రవేశద్వారపు తలుపులు భారత్, పాకిస్తాన్‌లవి.

ఆ తలుపు దగ్గర మాకు దారి చూపుతున్న ఆమె ఆగి, చెక్క మీద ఒకచోట గుంటలు పడి నలిగిన గుర్తును చూపించారు. సాధారణంగా ఏటా జరిగే పార్లమెంటు ప్రారంభోత్సవం నాడు రాజుగారి దూతగా వచ్చే అధికారిని బ్లాక్ రాడ్ అంటారు. ఆ అధికారి దగ్గరకు రాగానే తలుపును ముఖం మీదే మూసేస్తారు. చేతిలోని నల్లకర్రతో మూడుసార్లు తట్టిన తరువాతే లోపలికి రానిస్తారు. ఏళ్ళ తరబడి ఆ తట్టుళ్ళకు పడిన గుంటలవి. దీని వెనుక ఉన్న కథ 1642 జనవరి 4 నాటిది. ఐదుగురు సభ్యులను బంధించడానికి మొదటి చార్లెస్ సైనికులతో సభలోకి చొరబడి, వాళ్ళెక్కడని స్పీకర్ లెంథాల్‌ను అడిగాడు. ఈ సభ ఆదేశించినదే తప్ప చూడడానికి కళ్ళు గానీ, పలకడానికి నాలుక గానీ తనకు లేవని లెంథాల్ మోకాళ్ళ మీద వంగి జవాబిచ్చాడు. ఆ తరువాత ఏ రాజూ, ఏ రాణీ కామన్స్ సభ సమావేశంలో అడుగుపెట్టలేదు. ఏ చట్టమూ ఆ మాట రాసి పెట్టలేదు. తలుపు మీది గుంటలు మాత్రం ఆ మాటే చెబుతున్నాయి.

ఆకుపచ్చ బల్లల మీద కూర్చోకూడదని ముందే హెచ్చరించారు కనుక, తివాచీ మీది రెండు ఎర్రగీతలను నిలబడే చూశాను. మాట్లాడే సభ్యుడు తన వైపు గీత దాటకూడదు. ఆ రెంటి నడుమ దూరం రెండు కత్తుల పొడవని చెబుతారు. పక్కనే ఓటింగ్ వసారాలు ఉన్నాయి. ఇక్కడ మీటలు నొక్కే ఓటింగు లేదు. గంట మోగిన ఎనిమిది నిమిషాల్లోగా సభ్యులు లేచి, ఔనన్నవారు ఒక వసారా గుండా, కాదన్నవారు మరో వసారా గుండా నడిచి వెళ్ళాలి. మంత్రి కూడా మామూలు సభ్యుల భుజం రాసుకుంటూ అదే దారిలో నడవాలి కాబట్టి, ఓటు వేసే వేళ ఎవరైనా ఆయన్ను ఆపి తమ ఊరి సమస్య చెప్పుకోవచ్చు.

విప్ అన్న మాట మనకూ సుపరిచితం. సభ్యులకు వారం వారం పంపే కాగితంలో ఒక అంశం కింద ఎన్ని గీతలుంటే హాజరు అంత తప్పనిసరి, మూడు గీతలుంటే తిరుగులేదు. అయితే 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద మన దగ్గర విప్‌ను ధిక్కరించిన సభ్యుడి పదవికే ఎసరు వస్తుంది. బ్రిటన్‌లో పార్టీ వెలి వేయగలదు కానీ సభ్యత్వాన్ని తాకలేదు. 2019 సెప్టెంబరులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన 21 మంది కన్సర్వేటివ్ సభ్యులను పార్టీ ఒకే రాత్రి బయటకు పంపింది. వారిలో చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్ కూడా ఉన్నారు. మరునాడు వాళ్ళు సభ్యులుగానే వచ్చి కూర్చున్నారు. గోడ దూకడాన్ని ఆపడానికి మనం కట్టిన గోడ అంతరాత్మ చెప్పిన ఓటునూ ఆపేస్తోందా అనే ప్రశ్న నన్ను తిరుగురైలులో ఇంటిదాకా వదలలేదు.

జూన్ 30, ఆదివారం

అదే రైలుమార్గంలో ఎగమ్ స్టేషనులో దిగి రన్నీమీడ్ మైదానానికి నడిచాం. 1215 జూన్‌లో జాన్ రాజు తన సామంతులకు తలవంచి మాగ్నా కార్టా అనే హక్కుల పత్రానికి సమ్మతి తెలిపిన చోటు ఇదే. పెద్ద కోట గానీ మందిరం గానీ లేదు. నదిపక్కన పచ్చిక, ఆవులు, అమెరికా న్యాయవాదుల సంఘం 1957లో కట్టించిన చిన్న స్మారకం. కొంచెం అవతల గడ్డిలో 12 కంచు కుర్చీలు, జ్యూరీ సభ్యుల కోసం అన్నట్టు, ఖాళీగా ఉన్నాయి. మా తమ్ముడి కూతురు ఒక్కో కుర్చీలో కూర్చుని లేచి, "పెదనాన్నా, ఇది ఎవరి కుర్చీ?" అని అడుగుతూ పోయింది. చట్టప్రకారం తీర్పు ఉంటే తప్ప ఏ స్వతంత్ర మానవుణ్ణీ నిర్బంధించకూడదన్న ఒక వాక్యం కోసం ఎనిమిది వందల ఏళ్ళుగా మనుషులు ఈ గడ్డి మీదికి వస్తున్నారు. ఆనాటి 'స్వతంత్ర మానవుడు' అన్న మాటలో భూమికి కట్టుబడిన రైతుకూలీలకు చోటు లేదన్న సంగతిని కూడా నేను పాఠంలో చెబుతూనే ఉండేవాణ్ణి.

జూలై 1, సోమవారం

వైట్‌హాల్ వీధి ఒక చివర పార్లమెంటు, మరో చివర ట్రఫాల్గర్ కూడలి, నడుమ మంత్రిత్వ శాఖలు. డౌనింగ్ వీధికి 1989లో పెట్టిన ఇనుప గేట్ల బయట నుంచే పదో నంబరు వైపు తొంగిచూశాం. ప్రధాని పదవికి మొదటివాడని చెప్పే రాబర్ట్ వాల్పోల్ 1735లో ఈ ఇంటికి వచ్చాడు. ఆ నల్లని తలుపు మీది ఇత్తడి పలక మీద నేటికీ ప్రధాని అని ఉండదు, ఖజానా మొదటి ప్రభువు అని ఉంటుంది. ప్రధాని పదవి చట్టం చేసి పుట్టించినది కాదు, వాడుకలో పెరిగినది.

ఈ వీధి గురించి మన ప్రాంతం వాళ్ళు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. పదవులు సిఫార్సుతో కాక పోటీ పరీక్షతో దక్కాలనీ, ఉద్యోగులు పార్టీలకు అతీతంగా ఉండాలనీ 1854లో నివేదిక ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన చార్లెస్ ట్రెవెలియన్, ఆ తరువాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన పాలన కిందివే. మంత్రులు మారినా శాఖల కార్యదర్శులు మారకుండా ఉండే ఏర్పాటుకు ఆ నివేదికే పునాది. ఎన్నికలు ప్రకటించాక కొత్త నిర్ణయాలు, ప్రచార ప్రకటనలు ఆపేసి ప్రభుత్వోద్యోగులు మౌనం పాటించే కాలాన్ని ఇక్కడ చాలాకాలం 'పర్దా' అని పిలిచారు. అది మన దేశం నుంచి వెళ్ళిన మాటే.

పార్లమెంటు కూడలికి అవతలి వైపున సుప్రీంకోర్టు ఉంది. 2009 అక్టోబరు దాకా దేశపు అత్యున్నత న్యాయస్థానం ప్రభువుల సభలోనే ఒక సంఘంగా ఉండేదంటే, మన విద్యార్థులు నమ్మేవారు కాదు. ప్రస్తుతం 12 మంది న్యాయమూర్తులు వేరే భవనంలో కూర్చుంటారు. పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టివేసే అధికారం వారికి లేదు. పార్లమెంటు సార్వభౌమత్వం అంటే ఇక్కడ అదే. ప్రభుత్వం చేసిన పనిని మాత్రం ఆపగలరు. 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ సలహా మీద ఐదు వారాల పాటు పార్లమెంటును మూసివేస్తే, సెప్టెంబరు 24న 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. మరునాడే సభ కూర్చుంది. రాజు పేరిట ప్రధాని చెలాయించే ప్రత్యేకాధికారాలకు కూడా హద్దుందని ఆ తీర్పు చెప్పింది.

నేను వెళ్ళిన వేళకు మూడో నంబరు న్యాయస్థాన గది ఖాళీగా ఉంది. ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘం ఇప్పుడు కూర్చునే గది అది. పూర్వం ఆ సంఘం డౌనింగ్ వీధిలో కూర్చునేది. 1949లో మనం తెంచుకునే దాకా మద్రాసు హైకోర్టు తీర్పుల మీద అంతిమ అప్పీలు ఆ సంఘానికే వచ్చేది. విభజనకు వీల్లేని జమీందారీని వీలునామా రాసి ఇవ్వవచ్చునా అన్న పిఠాపురం వారి వివాదం ఓడలెక్కి వచ్చి 1899లో తేలినది ఆ సంఘం ముందే. గోదావరి జిల్లా పొలాల హక్కును ఆ పొలాలను ఎన్నడూ చూడని పెద్దలు తేల్చారన్న ఆలోచన, ఆ చల్లని గదిలో మనసుకు కష్టంగా తోచింది.

జూలై 3, బుధవారం

రెండు రోజులుగా ఎర్లీ వీధుల్లోనే తిరిగాను. ఇది కొత్తగా గీసిన ఎర్లీ అండ్ వుడ్లీ నియోజకవర్గం. రేపు పోలింగు అంటే ఎవరూ నమ్మరు. మైకులు, ఊరేగింపులు, నిలువెత్తు ఫ్లెక్సీలు ఏవీ లేవు. కొన్ని ఇళ్ళ కిటికీల్లో చిన్న కాగితాలు, తలుపుకున్న ఉత్తరాల సందులోంచి పడిన కరపత్రాలు. ఒక్కో అభ్యర్థి తరఫున ఒక కరపత్రాన్ని తపాలా సంస్థ ఉచితంగా ఇంటింటికీ అందిస్తుంది. టీవీలో డబ్బిచ్చి రాజకీయ ప్రకటనలు వేయడం నిషేధం.

సాయంత్రం మా మరదలు ఆ కరపత్రాలన్నీ భోజనాల బల్ల మీద పరిచింది. ప్రతి పార్టీ ఆరోగ్య సేవల గురించీ, ఇళ్ళ ధరల గురించీ రాసింది. ఎన్నికల ప్రణాళికకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన బలం ఉంది. 1945లో లేబర్ పార్టీ భారీ ఆధిక్యంతో గెలిచినప్పుడు, ప్రభువుల సభలో కన్సర్వేటివులదే పైచేయి. ప్రణాళికలో ప్రజల ముందు పెట్టి గెలిచిన బిల్లును ప్రభువుల సభ అడ్డుకోకూడదని అప్పుడు ఒక అవగాహన కుదిరింది. సాల్స్‌బరీ సంప్రదాయం అంటే అదే. చట్టపరంగా కూడా 1911, 1949 చట్టాల తరువాత ప్రభువుల సభ మామూలు బిల్లును సుమారు ఏడాది ఆలస్యం చేయగలదు, ద్రవ్య బిల్లును నెల మాత్రమే ఆపగలదు.

జూలై 4, గురువారం

1935 నుంచి ఇక్కడ సార్వత్రిక ఎన్నికలన్నీ గురువారమే జరుగుతున్నాయి. సెలవు లేదు. పోలింగు ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా ఉంటుంది కనుక జనం ఆఫీసుకు వెళుతూనో, వస్తూనో ఓటు వేస్తారు. మా తమ్ముడు ఉదయం ఏడున్నరకు భారతీయ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని బయలుదేరాడు. ఇది చాలామందికి తెలియని విషయం: కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే, బ్రిటిష్ పౌరసత్వం తీసుకోకపోయినా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, నిరవధిక నివాసానుమతి ఉంటే పోటీ కూడా చేయవచ్చు. ఇంగ్లండ్‌లో గుర్తింపు పత్రం తప్పనిసరి అయిన మొదటి సార్వత్రిక ఎన్నిక ఇదే. మన పాస్‌పోర్టు కూడా అందుకు చెల్లుతుంది. హైదరాబాదు నుంచీ, విజయవాడ నుంచీ కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చి రెడింగ్ పరిసరాల్లో ఉంటున్న తెలుగువాళ్ళు ఈ హక్కును ఎందరు వాడుకుంటున్నారో అని నాకు ఆరాటంగా ఉంది. తెలంగాణ మూలాలున్న ఉదయ్ నాగరాజు ఉత్తర బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ అభ్యర్థిగా నిలబడ్డారు కూడా. ఆయన గెలవలేదు.

పోలింగు కేంద్రం ఒక సామాజిక భవనం. నాకు ఓటు లేదు కనుక గుమ్మం బయటే నిలబడ్డాను. మా తమ్ముడి కూతురు మాత్రం తండ్రి చేయి పట్టుకుని లోపలికి వెళ్ళి, ఐదు నిమిషాల్లో పరుగెత్తుకొచ్చింది. "పెదనాన్నా, పెన్సిల్‌కి దారం కట్టేశారు!" ఓటుకాగితం మీద నచ్చిన పేరు ఎదురుగా పెన్సిల్‌తో అడ్డుగుర్తు పెట్టడమే ఇక్కడి ఓటు. యంత్రం లేదు, వేలికి సిరా లేదు. "అన్నయ్యా, మన ఊళ్ళో మే 13న నీ వేలికి పెట్టిన సిరా ఇంకా పోలేదు," అని మా తమ్ముడు నా చేయి పట్టుకుని చూశాడు. గోరు కుదుట్లో నల్లని గీత నిజంగానే ఉంది.

రాత్రి పది గంటలకు, బయట ఆకాశంలో ఇంకా వెలుగు ఉండగానే, టీవీలో అంచనా వచ్చింది: లేబర్‌కు 410 స్థానాలు. పదకొండుంబావుకు సండర్లాండ్‌లో మొదటి ఫలితం ప్రకటించారు. పెట్టెలు తెచ్చినవాళ్ళు పరుగులు తీశారు, బల్లల మీద కాగితాలను చేత్తో లెక్కించారు. ఫలితం చెప్పేటప్పుడు అభ్యర్థులంతా ఒకే వేదిక మీద పక్కపక్కన నిలబడతారు. ఓడిన మంత్రి కూడా తన ఓట్ల సంఖ్యను అందరి ముందూ నిలబడి వినాలి. తెల్లవారేలోగా రక్షణ మంత్రి గ్రాంట్ షాప్స్ అలా విన్నారు. మాజీ ప్రధాని లిజ్ ట్రస్ తెల్లవారాక 630 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మా ఎర్లీ అండ్ వుడ్లీలో లేబర్ అభ్యర్థి యువాన్ యాంగ్ 848 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నేను నిద్రపోలేదు.

జూలై 5, శుక్రవారం

ఈ రోజు చూసినదాన్ని నేను బతికున్నంతకాలం మరచిపోను. ఉదయం తొందరగా లండన్ చేరి వైట్‌హాల్ పక్కన జనంలో నిలబడ్డాం. పదిన్నర దాటాక సునాక్ పదో నంబరు బయటకు వచ్చి, ప్రజలకు క్షమాపణ చెప్పి, తన ప్రత్యర్థి, లేబర్ నాయకుడు కియర్ స్టార్మర్ మంచి మనిషి అనీ, ఆయనంటే గౌరవం ఉందనీ అన్నారు. వెనకాల భార్య అక్షతా మూర్తి గొడుగుతో నిలబడ్డారు. మా చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాటలను ఫోన్లలో విన్నారు. తరువాత కారు రాజప్రాసాదానికి వెళ్ళింది. ఆయన రాజీనామా ఇచ్చి బయటకు రాగానే స్టార్మర్ లోపలికి వెళ్ళారు. ప్రభుత్వం ఏర్పాటు చేయమని రాజు అడగడం, ఆయన ఒప్పుకోవడం, అంతే. మన దగ్గరలాగా వేదిక మీద ప్రమాణస్వీకార సభ ఉండదు. ఆ కొద్ది నిమిషాల వ్యవధిలో బ్రిటన్‌కు ప్రధాని ఎవరూ లేరు, రాజు ఉన్నాడు. రాజ్యాధినేత వేరు, ప్రభుత్వాధినేత వేరు అని నేను రెండు నిలువు వరుసలు గీసి చెప్పిన తేడా, ఆ రెండు కార్ల నడుమ ఖాళీలో నాకు కళ్ళారా కనిపించింది.

పన్నెండున్నర ప్రాంతంలో స్టార్మర్ డౌనింగ్ వీధికి వచ్చి, దేశం ముందు, పార్టీ తరువాత అని ప్రసంగించి లోపలికి వెళ్ళారు. లోపల ఉన్న అధికారులు నిన్నటివాళ్ళే. వాళ్ళు ఎన్నికలకు ముందే ప్రతిపక్ష నాయకులతో మాట్లాడి, గెలిస్తే ఏమేం చేస్తారో తెలుసుకుని సిద్ధంగా ఉంటారు. ఇన్నాళ్ళూ ఒక్కో మంత్రి ఎదుట ఒక్కో నీడ మంత్రిని నిలిపిన ఛాయా మంత్రివర్గం చాలావరకు ఈ రోజే నిజమైన మంత్రివర్గంగా మారిపోయింది.

అయితే ఈ విజయంలోని లెక్క నన్ను కలవరపెట్టింది. లేబర్‌కు వచ్చినవి 33.7 శాతం ఓట్లు, 411 స్థానాలు. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం ఓట్లకు ఐదే స్థానాలు. అంతకంటే తక్కువ, 12.2 శాతం, తెచ్చుకున్న లిబరల్ డెమొక్రాట్లకు 72. ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయన్నదే ఇక్కడ అంతా. నెల కిందటే ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 39 శాతం ఓట్లు వచ్చిన పార్టీ 175 స్థానాల్లో 11 మాత్రమే గెలిచింది. అత్యధిక ఓట్లు వచ్చినవాడే విజేత అనే ఈ పద్ధతిని మనం తీసుకున్నది ఇక్కడి నుంచే. పార్టీల మీద ఇష్టాయిష్టాలు పక్కన పెట్టి, రెండు చోట్లా ఈ పద్ధతి గురించి తీరిగ్గా ఆలోచించాలని నా కోరిక.

జూలై 10, బుధవారం

నిన్న కొత్త కామన్స్ సభ మొదటిసారి కూడింది. సభలో అందరికన్నా ఎక్కువకాలంగా కొనసాగుతున్న ఎడ్వర్డ్ లీ అధ్యక్షత వహించగా, లిండ్సే హోయిల్‌ను మళ్ళీ స్పీకర్‌గా ఎన్నుకుని, ఇష్టం లేనివాణ్ణి లాక్కువెళ్ళినట్టు కుర్చీ దగ్గరకు లాక్కుపోయారు. పూర్వం కొందరు స్పీకర్లు రాజాగ్రహానికి ప్రాణాలు పోగొట్టుకున్నారు కనుక వచ్చిన ఆచారమిది. స్పీకర్ అయ్యాక పార్టీకి పూర్తిగా రాజీనామా చేయాలి. ఎన్నికల్లో పెద్ద పార్టీలు ఆయన మీద పోటీ పెట్టవు. మన శాసనసభలు నేర్చుకోవలసినది ఏదైనా ఒకటి చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

ఈ రోజు వరుసలో నిలబడి ప్రేక్షకుల గ్యాలరీలోకి వెళ్ళాను. 2004లో బిగించిన అద్దాల వెనుక నుంచి గంటసేపు ప్రమాణాలు చూశాను. సభ్యులు ఒక్కొక్కరే బల్ల దగ్గరకు వచ్చి, తమకు పవిత్రమైన గ్రంథం చేతబట్టి, రాజుకు విధేయత ప్రకటించి, పుస్తకంలో సంతకం చేసి, స్పీకర్‌తో చేయి కలిపి వెళుతున్నారు. లెస్టర్ ఈస్ట్ నుంచి గెలిచిన శివానీ రాజా భగవద్గీత మీద ప్రమాణం చేశారు. ఏ గ్రంథమూ వద్దనుకున్నవారు మాటతోనే ప్రకటన చేయవచ్చు. ఆ ప్రమాణానికి ఒప్పుకోని, ఉత్తర ఐర్లండ్‌లో పోటీ చేసే షిన్ ఫేన్ పార్టీవారు ఏడుగురు ఎన్నికైనా సభకు రారు. సభలో ఈసారి 263 మంది మహిళలు. నాకు ఆ విరిగిన ముల్లు గుర్తుకొచ్చింది.

జూలై 17, బుధవారం

రేపు తిరుగు ప్రయాణం. ఉదయం వైట్‌హాల్‌లో గుర్రపు బండ్ల ఊరేగింపు చూడగానే, మిగిలినది టీవీలో చూడాలని నేనూ మా తమ్ముడూ ఒక కాఫీ దుకాణంలో దూరాం. రాజు క్షేమంగా తిరిగి వచ్చేదాకా ఒక కామన్స్ సభ్యురాలిని ప్రాసాదంలో బందీగా ఉంచుకునే ఆచారం ఈసారీ పాటించారు. 1605లో పార్లమెంటు కింద మందుగుండు దొరికిన నాటి నుంచి వస్తున్న అలవాటు ప్రకారం నేలమాళిగలు కూడా వెతికారు.

మూడో చార్లెస్ కిరీటం ధరించి ప్రభువుల సభలో సింహాసనం మీద కూర్చున్నాడు. ఆయన చేతికి ఇచ్చే ప్రసంగంలో ప్రతి మాటా మంత్రివర్గం రాసినదే. ఆ మాటల్లో, ఆయన ఎదురుగానే కూర్చున్న వంశపారంపర్య ప్రభువులను సభ నుంచి తొలగించే చట్టం చేస్తామన్న హామీ కూడా ఉంది. అయితే అది చదవాలంటే ముందు కామన్స్ సభ్యులు రావాలి. వారిని పిలవడానికి బ్లాక్ రాడ్ సారా క్లార్క్ నల్లని దుస్తుల్లో, పొడవైన వసారా వెంట ఒంటరిగా నడిచి వెళ్ళారు. ఆమె అడుగుల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. గడపకు కొద్ది అడుగుల దూరం ఉండగా, భారత్, పాకిస్తాన్‌లు ఇచ్చిన ఆ తలుపులు ధడేలుమని మూసుకున్నాయి. దుకాణంలో కాఫీ పోస్తున్న అమ్మాయి కూడా ఆగి చూసింది.

సారా క్లార్క్ కర్ర ఎత్తి, నేను శనివారం నాడు చూసిన గుంటల దగ్గరే మూడుసార్లు తట్టారు. లోపలి నుంచి ఎవరో చూసి నిర్ధారించుకున్నారు. తలుపు తెరుచుకుంది. కాసేపటికి ఆ గుమ్మంలోంచి సభ్యులు జంటలు జంటలుగా బయటకు నడిచారు. స్పీకర్ వెనుకనే, మిగతా సభ్యులకు ముందు, పన్నెండు రోజుల కిందట ఇల్లు ఖాళీ చేసిన సునాక్, ఆ ఇంట్లోకి వచ్చిన స్టార్మర్ పక్కపక్కనే ఏదో మాట్లాడుకుంటూ ప్రభువుల సభ వైపు సాగిపోయారు.